మాటా నూయి ఆన్‌లైన్ గేమ్

మాటా నూయి ఆన్‌లైన్ గేమ్ 2001వ సంవత్సరంలో అంతర్జాలంలో విడుదలైన ఒక సాహస క్రీడ. డెన్మార్కు దేశానికి చెందిన ఆటబొమ్మల సంస్థ లెగో, తన బయోనికల్ అనే బొమ్మల శ్రేణికి ప్రచారం నిమిత్తం దీనిని చేయించినది. న్యూయార్కు నగరానికి చెందిన టెంప్లర్ స్టూడియోస్ అనే చిన్న సంస్థ దీనిని ఫ్లాష్ సాంకేతికతతో రూపొందించినది. ఎటువంటి రుసుము లేకుండా, కంప్యూటరులో ప్రత్యేకంగా స్థాపించుకోనవసరం లేకుండా, బ్రౌజరులోనే ఆడుకొనే వీలుండేది. ఆ సంవత్సరం పొడుగునా ఒక్కొక్క అధ్యాయంగా వెలువడినది.

బొమ్మలు అమ్ముకొనుటకై చేసిన ఆట అయినప్పటికీ, బొమ్మల ఉత్పత్తి ఆగిపోయిన తరువాత కూడా దీనిని వెతికి ఆడేవారున్నారు. అయితే ఈ ఆట నేటికీ మిగిలి ఉండుటకు కారణం దానిని చేయించిన సంస్థ కాదు. చిన్నతనంలో దానిని ఆడి, పెద్దయిన తరువాత ఫైళ్ళను సేకరించి దాచిన స్వచ్ఛంద కార్యకర్తలే అందుకు కారణం.

పేరు

"మాటా నూయి" అనునది కథ జరిగే ద్వీపం పేరు. ఆ ద్వీపవాసులు కొలిచే మహాశక్తి పేరు కూడా అదే. ఈ పదాలు న్యూజీలాండు మూలవాసులైన మావోరీల భాషతోను, ఇతర పాలినేసియా భాషలతోను సంబంధం కలవి. మావోరీ భాషలో "మాటా" అనగా ముఖం లేదా కన్ను, "నూయి" అనగా పెద్దది. బయోనికల్ కథలలో ఈ పేరుకు సార్థకత చాలా ఆలస్యంగా తెలియవచ్చినది. ఆ ద్వీపం, నిద్రలో పడియున్న ఒక బ్రహ్మాండమైన యంత్రపురుషుని ముఖంపై ఏర్పడినదని 2008లో వెలువడిన కథాభాగంలో వెల్లడైనది.

"బయోనికల్" అను పేరు జీవసంబంధమైన, వృత్తాంతం అనే అర్థాలు గల రెండు ఆంగ్ల పదాలను కలిపి కూర్చినది.

నేపథ్యం

లెగో సంస్థను 1932లో డెన్మార్కులోని బిల్లుండ్ గ్రామంలో ఓలె కిర్క్ క్రిస్టియాన్‌సెన్ అనే వడ్రంగి స్థాపించాడు. ఒకదానిలో ఒకటి బిగుసుకొనే ప్లాస్టిక్ ఇటుకలకు 1958లో పేటెంటు తీసుకొనబడినది. 1998లో ఆ సంస్థ తన చరిత్రలో మొదటిసారిగా నష్టాన్ని చవిచూచినది. వీడియో గేములు పిల్లల సమయాన్ని ఆక్రమించుకొంటున్న రోజులవి. 1999లో స్టార్ వార్స్ చలనచిత్రాల ఆధారంగా తెచ్చిన బొమ్మలు బాగా అమ్ముడయ్యాయి కాని, ఇతరుల కథను వాడుకొన్నందుకు వారికి రుసుము చెల్లించవలసి వచ్చేది. కాబట్టి సొంత కథ గల బొమ్మలు కావాలన్న ఆలోచన బలపడినది. అంతకుముందు వచ్చిన స్లైజర్ (1999), రోబోరైడర్స్ (2000) శ్రేణులు ఈ దిశలో వేసిన తొలి అడుగులు.

బయోనికల్ రూపకల్పనలో కోపెన్‌హాగన్‌కు చెందిన అడ్వాన్స్ అనే ప్రకటనల సంస్థలో కళా దర్శకుడైన క్రిస్టియన్ ఫేబర్ పాత్ర ముఖ్యమైనది. ఆయనకు 1986లో మెదడులో కణితి ఉన్నట్లు తెలిసినది. రోజూ మందు తీసుకొంటున్నప్పుడు, ఆ మందును తన శరీరంలోకి వెళ్ళి పోరాడే చిన్న సైనికులుగా ఊహించుకొన్నానని ఆయన తరువాతి కాలంలో వివరించాడు. జబ్బుపడి నిద్రిస్తున్న మహాకాయుడు, గొట్టాల వంటి గుళికలలో కొట్టుకువచ్చి అతనిని మేల్కొల్పవలసిన ఆరుగురు వీరులు అనే కథకు మూలం ఇదే. దుకాణాలలో ఈ వీరుల బొమ్మలను కూడా గుళిక ఆకారం గల డబ్బాలలోనే అమ్మారు.

2001లో బొమ్మలతో పాటు హాస్యచిత్ర పుస్తకాలు, చేతిలో పట్టుకొని ఆడే గేమ్ బాయ్ అడ్వాన్స్ యంత్రానికి ఒక గేము కూడా వెలువడ్డాయి. కంప్యూటరులో ఆడదగిన ఒక పెద్ద గేమును కూడా తలపెట్టారు గాని, దానిని అదే సంవత్సరం రద్దు చేశారు. ఆ విధంగా ఆ ఏటి కథను వివరంగా చెప్పే బాధ్యత చాలావరకు ఈ చిన్న ఆటపై పడినది.

నిర్మాణం

ఫ్లాష్ అనునది వెబ్ పేజీలలో కదిలే బొమ్మలను, ధ్వనిని చూపుటకు ఉపయోగించిన సాంకేతికత. ఫ్యూచర్‌స్ప్లాష్ అనే పేరుతో మొదలైన దీనిని 1996లో మాక్రోమీడియా సంస్థ కొని, ఫ్లాష్ అని పేరు మార్చినది. ఛాయాచిత్రంలో వలె ప్రతి చుక్క రంగును విడిగా దాచుటకు బదులు, ఈ గీత ఇక్కడి నుండి అక్కడికి, ఈ వంపు ఇంత, ఈ రంగు ఇది అని గణిత రూపంలో చిత్రాన్ని దాచుట దీని పద్ధతి. అందువలన ఫైలు పరిమాణం తక్కువ. టెలిఫోను తీగల గుండా నత్తనడకన అంతర్జాలం వచ్చే రోజులలో ఇది గొప్ప సౌలభ్యం.

ఈ పరిమితి ఆట రూపాన్ని కూడా నిర్ణయించినది. ఇందులోని కొండలు, సముద్రం, అరణ్యం పెద్ద పెద్ద రంగు పలకలుగా, తక్కువ గీతలతో చిత్రించబడ్డాయి. పాత్రలకు గొంతు లేదు. సంభాషణలన్నీ తెరపై అక్షరాలుగా వస్తాయి. అలల చప్పుడు, గాలి హోరు, డప్పుల మోత మాత్రం వినిపిస్తాయి. ఆటలోని నిశ్శబ్దానికి, తక్కువ గీతల చిత్రణకు ఈ సాంకేతిక అవసరం కూడా ఒక కారణం.

ఆడే విధానం

ఆటగాడు తన కళ్ళతోనే ద్వీపాన్ని చూస్తున్నట్లుగా తెర ఉంటుంది. మౌసుతో నొక్కుతూ ఒక దృశ్యం నుండి మరొక దృశ్యానికి నడవాలి. ఎదురైన వారితో మాట్లాడాలి. దొరికిన వస్తువులను సంచిలో వేసుకొని, తగిన చోట వాడాలి. 1993లో వచ్చిన మిస్ట్ అనే ప్రసిద్ధ కంప్యూటరు ఆట కూడా ఇదే కోవకు చెందినది.

ఈ ఆటలో చాలా వరకు పోరాటం లేదు. పాయింట్ల లెక్క లేదు. పలు దృశ్యాలలో చేయవలసిన పని కూడా ఏమీ ఉండదు. చూచి ముందుకు పోవడమే.

కథ

కథానాయకుడు టకువా అనే గ్రామవాసి. అతడు జ్ఞాపకశక్తి కోల్పోయి సముద్రతీరంలో ఉండగా ఆట ప్రారంభమౌతుంది. తీరంలో ఖాళీ గుళిక ఒకటి పడి ఉంటుంది. అందులో వచ్చిన వీరుడు అప్పటికే వెళ్ళిపోయాడు. టోవాలని పిలువబడే ఆరుగురు వీరుల సాహసం ఎక్కడో జరుగుతుండగా, ఆటగాడు మాత్రం సామాన్యుల మధ్య తిరుగుతూ ఉంటాడు.

మకూటా అనే దుష్టశక్తి, ముఖకవచాలను కలుషితం చేసి వాటి ద్వారా ద్వీపంలోని జంతువులను తన అదుపులో ఉంచుకొంటుంది. అవి గ్రామాలపై దాడి చేస్తుంటాయి. ద్వీపంలోని ఆరు గ్రామాలు, వాటి వివరాలు ఇవి:

* టా-కోరో: అగ్నిపర్వతంలోని లావా సరస్సు వద్దనున్న గ్రామం. వీరుడు టాహు. గ్రామపెద్ద వకామా.
* గా-కోరో: నీటిపై తేలే పెద్ద తామరాకుల మీద కట్టిన గ్రామం. వీరవనిత గాలి. గ్రామపెద్ద నొకామా.
* లే-కోరో: చెట్ల కొమ్మల నడుమనున్న గ్రామం. వీరుడు లేవా. గ్రామపెద్ద మటావు.
* ఒను-కోరో: భూగర్భంలోని గనుల గ్రామం. వీరుడు ఒనువా. గ్రామపెద్ద వెనువా.
* పో-కోరో: ఎడారిలోని శిల్పుల గ్రామం. వీరుడు పోహాటు. గ్రామపెద్ద ఒనేవా.
* కో-కోరో: మంచుకొండలోని గ్రామం. వీరుడు కొపాకా. గ్రామపెద్ద నూజు.

"గాలి" అనునది ఇక్కడ నీటికి అధిదేవత వంటి వీరవనిత పేరు. గాలిని శాసించే వీరుడు లేవా. తెలుగువారికి ఇది తికమక కలిగించే విషయం.

గ్రామాలలో ఎదురయ్యే చిక్కులు పెద్ద యుద్ధాలు కావు, ఊరి కష్టాలు. గా-కోరోలో ఒక కుటీరం నీట మునిగి గ్రామస్థులు లోపల చిక్కుకొంటారు. ఆగిపోయిన పంపును టకువా సరిచేయాలి. పో-కోరోలో హుకి అనే బంతి ఆటగాడు ఉన్నట్టుండి జబ్బుపడతాడు. సంతలో అమ్ముతున్న బంతులే ఆ జబ్బుకు కారణమని ఆటగాడు విచారించి తెలుసుకోవాలి. కో-కోరోలో గ్రామపెద్ద నూజు పక్షుల భాషలో మాత్రమే మాట్లాడతాడు. ఆ మాటలను మటోరో అనే దుబాసీ తెలియజేస్తాడు.

చూచినదంతా జ్ఞాపకం ఉంచుకొని చెప్పగలిగినందున, వకామా టకువాను వృత్తాంతకారునిగా నియమిస్తాడు. ద్వీపం మధ్యనున్న కినీ-నూయి ఆలయం గుండా ఆరుగురు వీరులు మకూటాను ఎదుర్కొనుటకు భూగర్భంలోకి దిగవలసి ఉన్నది. వారు వెళ్ళిన తరువాత ఆలయాన్ని కాపాడుటకు టకువా ఒక్కొక్క గ్రామం నుండి ఒక్కొక్కరిని వెంటబెట్టుకొని బయలుదేరుతాడు. ఈ బృందంలో ఎవరూ పేరుమోసిన యోధులు కారు. టా-కోరో నుండి అతి నెమ్మదస్థుడైన కపూరా, గా-కోరో నుండి పడవ నడిపే మాకు, పో-కోరో నుండి తన శిల్పాలను తానే పొగడుకొనే హాఫు, ఒను-కోరో నుండి బలశాలి టైపు, లే-కోరో నుండి టమారు, కో-కోరో నుండి దాదాపు నోరు విప్పని కొపేకే వస్తారు.

ఆలయం వద్ద ఆటలోని ప్రధానమైన పోరాటం జరుగుతుంది. తరువాత టకువా భూగర్భంలోకి పోయి, వీరులకు, మకూటాకు జరిగిన యుద్ధాన్ని కళ్ళారా చూస్తాడు. విజయం లభించినది అనుకొనే సమయంలో, నేల అడుగున నిద్రిస్తున్న బోరాక్ అనే యంత్రప్రాణుల గుంపు అతని కంటపడుతుంది. 2002లో దుకాణాలలోకి వచ్చిన కొత్త బొమ్మలు ఈ బోరాక్‌లే. ఆ విధంగా కథకు ముగింపు, తరువాతి సంవత్సరపు సరుకుకు ప్రకటన ఒకే దృశ్యంలో కలిసిపోయాయి.

మావోరీ పదాల వివాదం

బయోనికల్ కథలోని అనేక పేర్లు మావోరీ భాషనుండి నేరుగా తీసుకొన్నవి. "టోవా" అనగా వీరుడు, "పోహాటు" అనగా రాయి, "వెనువా" అనగా భూమి, "కనోహి" అనగా ముఖం. గ్రామంలోని చిన్న చిన్న పాత్రలందరికీ కలిపి మొదట "టోహుంగా" అని పేరు పెట్టారు. మావోరీ సమాజంలో టోహుంగా అనగా పూజాదికాలలోనో, వైద్యంలోనో, శిల్పంలోనో నిష్ణాతుడైన గౌరవనీయ వ్యక్తి. మన ప్రాంతంలో అర్చకులు, ఘనాపాఠీలు వంటి పదాలను ఆటబొమ్మలకు పెట్టి, అది తమ వ్యాపార నామమని ఒక విదేశీ సంస్థ చెప్పుకొంటే కలిగే భావం వంటిదే అక్కడి వారికీ కలిగినది.

2001లో కొన్ని మావోరీ వర్గాల తరఫున మావుయి సాలమన్ అనే న్యాయవాది లెగో సంస్థకు అభ్యంతరం తెలియజేశాడు. అనుమతి లేకుండా తమ సాంస్కృతిక పదాలను వాణిజ్యానికి వాడుకొన్నారన్నది ప్రధాన ఆరోపణ. చర్చల తరువాత లెగో సంస్థ కొన్ని పేర్లను మార్చుటకు అంగీకరించినది. టోహుంగాలు "మటోరాన్"లు అయ్యారు. ఈ ఆటలో కనిపించే జాలా, హుకి, మాకు వంటి పేర్ల వర్ణక్రమం కూడా తరువాతి కథలలో మారినది. ఈ మార్పును కథలో ఒక నామకరణోత్సవంగా చూపారు. టోవా, కనోహి, పోహాటు, వెనువా వంటి పదాలు మాత్రం అలాగే కొనసాగాయి.

ఆటలోని పాత పేర్లు ఈ వివాదానికి పూర్వపు స్థితిని తెలుపుతున్నాయి. చిన్నతనంలో ఈ పేర్లను కల్పిత భాషగా భావించిన పిల్లలకు, అవి సజీవమైన ఒక జాతి మాటలని ఆటలో ఎక్కడా చెప్పలేదు.

తరువాతి కాలం

2003లో టెంప్లర్ స్టూడియోస్ దీనికి రెండవ భాగాన్ని రూపొందించినది. అందులో కథానాయిక గా-కోరోకు చెందిన హాలి అనే యువతి. అదే సంవత్సరం వెలువడిన "మాస్క్ ఆఫ్ లైట్" అనే చలనచిత్రంలో టకువా, టకనూవా అనే ఏడవ వీరునిగా మారతాడు.

2001లో ఆట విడుదలైనప్పుడు టకువా బొమ్మ అమ్మకానికి లేకపోవుట గమనించదగిన విషయం. అప్పట్లో గ్రామవాసుల బొమ్మలను మెక్‌డొనాల్డ్స్ ఫలహారశాలలలో పిల్లల భోజనంతో పాటు ఇచ్చారు. ఆ ఆరింటిలో టకువా లేడు. అతని బొమ్మ 2003లో గాని దుకాణాలకు రాలేదు. అనగా ఈ ప్రచార క్రీడ రెండేళ్ళ పాటు, కొనుటకు దొరకని పాత్రను నాయకునిగా నిలిపినది.

లెగో సంస్థ 2003, 2004 సంవత్సరాలలో తీవ్రమైన ఆర్థిక సంక్షోభంలో పడినప్పుడు, నిలకడగా ఆదాయం తెచ్చిన శ్రేణులలో బయోనికల్ ఒకటి. ఈ శ్రేణి 2010లో ముగిసినది. 2015లో తిరిగి ప్రారంభమై 2016లో మరల ఆగిపోయినది.

కనుమరుగు, పరిరక్షణ

పుస్తకం అచ్చయిన తరువాత దానిని ప్రచురించిన సంస్థ మూతపడినా, పాఠకుని ఇంట ప్రతి మిగులుతుంది. బ్రౌజరు ఆటకు అటువంటి భద్రత లేదు. అది సంస్థ వారి సర్వరులో ఉన్నంత కాలమే ఉంటుంది. కొత్త బొమ్మలు వచ్చిన కొలదీ లెగో వెబ్‌సైటులో పాత విషయాలు తొలగి, ఈ ఆట కూడా అక్కడినుండి కనుమరుగైనది.

రెండవ ప్రమాదం ఫ్లాష్ రూపంలో వచ్చినది. మాక్రోమీడియా సంస్థను 2005లో అడోబ్ సంస్థ కొనివేసినది. 2007లో వచ్చిన ఐఫోనులో ఫ్లాష్‌కు చోటు లభించలేదు. భద్రతా లోపాలు కూడా ఎక్కువగా బయటపడుతుండుటతో, ఫ్లాష్‌ను నిలిపివేయనున్నట్లు అడోబ్ 2017లో ప్రకటించినది. 2020 డిసెంబరు 31తో దానికి మద్దతు ముగిసినది. 2021 జనవరి 12 నుండి ఫ్లాష్ ప్లేయరు తానే ఆటలను తెరవకుండా అడ్డుకొన్నది. ఆట ఫైలు చేతిలో ఉన్నప్పటికీ దానిని నడిపే సాధనం పోయినది.

ఈ రెండు ప్రమాదాలనుండి ఆట బయటపడుటకు అభిమానులే కారణం. బయోమీడియా ప్రాజెక్టు అనే అభిమానుల భాండాగారం ఈ ఆటను, దాని రెండవ భాగాన్ని, ఇతర బయోనికల్ ప్రచార సామగ్రిని సేకరించి భద్రపరచినది. 2018లో మొదలైన ఫ్లాష్‌పాయింట్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు లక్షకు పైగా వెబ్ ఆటలను, కదిలే చిత్రాలను దాచినది. రఫుల్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు, ఫ్లాష్ ఫైళ్ళను నేటి బ్రౌజర్లలో సురక్షితంగా నడుపుతుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ 2020 నవంబరు నుండి రఫుల్ సహాయంతో ఫ్లాష్ ఆటలను ప్రదర్శించుట ప్రారంభించినది.

2001లో రద్దయిన కంప్యూటరు గేము విషయంలో కూడా ఇదే జరిగినది. దాని అసంపూర్ణ ప్రతులు ఏళ్ళ తరువాత బయటపడగా, అభిమానులు లోపాలను సరిచేసి ఆడదగిన స్థితికి తెచ్చారు.

తెలుగువారికి దీని ప్రసక్తి

భారతదేశంలో సామాన్య ప్రజలకు అంతర్జాల సేవలను విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ 1995 ఆగస్టు 15న ప్రారంభించినది. ఈ ఆట వెలువడిన 2001 నాటికి హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలలో ఇంటివద్ద కంప్యూటరు లేనివారు గంటల లెక్కన రుసుము చెల్లించి ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చొనేవారు. నెమ్మదిగా ఆడి, ప్రతి దృశ్యం వద్ద ఆగి చూడవలసిన ఇటువంటి ఆటకు ఆ పద్ధతి అనుకూలమైనది కాదు.

అయినప్పటికీ, ఈ ఆట ఎదుర్కొన్న సమస్య తెలుగు అంతర్జాలానికి కొత్త కాదు. యూనికోడ్ వ్యాప్తిలోకి రాక పూర్వం తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు తలా ఒక సొంత ఫాంటును వాడేవి. ఆ ఫాంటు లేనిదే పేజీలో అర్థం లేని గుర్తులు కనిపించేవి. ఆ రాతలను యూనికోడ్‌లోకి మార్చి చూపుటకు పద్మ అనే ఉపకరణాన్ని నాగార్జున వెన్న ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకై తయారుచేశాడు. ఫ్లాష్ ఆటలకు రఫుల్ చేస్తున్న సేవ ఇటువంటిదే. రాత అయినా, ఆట అయినా ఒక సంస్థకు మాత్రమే చెందిన సాంకేతికతలో బంధించబడితే, ఆ సంస్థ వదలివేసిన నాడు అది చదువరికి, ఆటగానికి అందకుండా పోతుంది. సంస్థలు దానిని తిరిగి తెస్తాయన్న భరోసా లేదు.

మళ్ళీ ఆడినప్పుడు

పెద్దయిన తరువాత ఈ ఆటను తిరిగి ఆడేవారికి రెండు విషయాలు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది, దీని నిడివి తక్కువ. చిన్నతనంలో కొత్త అధ్యాయం కొరకు వారాల తరబడి వేచియుండుట వలన ద్వీపం ఎంతో విశాలమైనదన్న భావన కలిగేది. అన్ని అధ్యాయాలూ ఒకేచోట లభించుచున్నందున, ఇప్పుడు కొద్ది గంటలలోనే పూర్తిచేయవచ్చును. భద్రపరచిన ప్రతి ఆటను తిరిగి ఇవ్వగలదు గాని, ఆ నిరీక్షణను ఇవ్వలేదు.

రెండవది, ఇందులో వీరులు కనిపించే ఘట్టాలు చాలా తక్కువ. అమ్మకానికి పెట్టిన బొమ్మలు ఆ ఆరుగురు వీరులవే అయినా, ఆట సమయమంతా పంపు బాగుచేయుట, జబ్బుపడినవాని గురించి విచారించుట, పడవలో ప్రయాణించుట వంటి పనులతోనే గడుస్తుంది. టకువా కథను మలుపు తిప్పడు; తిరుగుతాడు, చూస్తాడు, చూచినది చెబుతాడు. వకామా అతనికి అప్పగించిన పని కూడా అదే. ఆటను దాచి, తెలియనివారికి అందిస్తున్న అభిమానులు చేస్తున్నది కూడా వృత్తాంతకారుని పనియే.